బ్రష్ చేరని చోటే జబ్బు మొదలు: పళ్ళను, చిగుళ్ళను రోజూ శుభ్రం చేసుకునే పద్ధతి

రోజూ క్రమం తప్పకుండా తోముకునేవాళ్ళకు కూడా పళ్ళు పుచ్చిపోతాయి, చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది. బ్రష్ తేలిగ్గా తిరిగే చోటే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. జబ్బు మొదలయ్యేది మాత్రం అది సరిగ్గా చేరని మూడు చోట్ల: పన్ను చిగురును కలిసే అంచు, పన్నుకూ పన్నుకూ మధ్య సందు, దవడ పళ్ళ నమిలే భాగంలోని సన్నటి గాడులు. ఎంత గట్టిగా తోమారు, ఎంత ఖరీదైన పేస్టు వాడారు అన్నవాటి కన్నా బ్రష్ ఈ చోట్లకు చేరిందా లేదా అన్నదే ముఖ్యం.

అసలు ఏం జరుగుతుంది

బాగా తోమిన పన్ను మీద కూడా కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు పలుచటి పొరగా అంటుకుంటాయి. ఆ పొరను పట్టుకుని బాక్టీరియా చేరుతుంది, గంటల్లో పెరుగుతుంది, జిగటగా పాచి కడుతుంది. పాచి మెత్తగా ఉన్నంత వరకు బ్రష్‌తో పోతుంది. ఊరికే నీళ్ళు పుక్కిలిస్తే పోదు. అలాగే వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది. అదే గార. గార కట్టాక ఇంట్లో ఏ బ్రష్షూ, ఏ పేస్టూ దాన్ని తీయలేవు. కింది ముందు పళ్ళ లోపలి వైపు, పై దవడ పళ్ళ బుగ్గ వైపు గార ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా అక్కడే. తోమేటప్పుడు ఆ రెండు చోట్లా కాస్త ఎక్కువసేపు ఆగండి.

పాచిలోని బాక్టీరియా మనం తిన్న చక్కెరను వాడుకుని ఆమ్లం తయారుచేస్తుంది. ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత పీహెచ్, అది తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. పన్ను ఉపరితలం దగ్గర పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే పన్ను పైనుండే గట్టి పొర అయిన ఎనామెల్ నుంచి ఖనిజాలు కరిగి బయటికి వస్తాయి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ అలా పడిపోతుంది, లాలాజలం దాన్ని మళ్ళీ పైకి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ తర్వాత కరిగిన ఖనిజంలో కొంత తిరిగి పన్నులో చేరుతుంది కూడా. రోజంతా ఈ పోవడం, రావడం జరుగుతూనే ఉంటుంది. పోయేది ఎక్కువై వచ్చేది తక్కువైతే పన్ను మీద ముందుగా తెల్లటి, మెరుపు లేని మచ్చ కనిపిస్తుంది. అక్కడ ఇంకా గుంత పడలేదు కాబట్టి ఈ దశలో ఫ్లోరైడ్‌తో ఆపవచ్చు. గుంత పడ్డాక మామూలుగా ఫిల్లింగ్ చేయించుకోవాల్సి వస్తుంది.

చిగుళ్ళ సంగతి వేరు. అక్కడ చక్కెరతో పెద్దగా పని లేదు. అంచున పాచి కదలకుండా ఉంటే చాలు, చిగురు వాస్తుంది. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Harald Löe) అనే దంత పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేత కొన్నాళ్ళు తోముకోవడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లోగా అందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక వారం రోజుల్లో తగ్గిపోయింది. మొదటి దశలో ఇది పూర్తిగా నయమవుతుందన్న మాట. అశ్రద్ధ చేస్తే వాపు లోపలికి దిగి పన్నును పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక మాత్రం తనంతట తాను తిరిగి రాదు. ఇదంతా చాలావరకు నొప్పి లేకుండానే జరుగుతుంది, ఈ జబ్బుతో వచ్చే చిక్కు అదే.

బ్రష్, పేస్టు ఎంచుకోవడం

కుచ్చు మెత్తగా ఉండే బ్రష్ తీసుకోండి. తల చిన్నదిగా, రెండు దవడ పళ్ళ వెడల్పుకు మించకుండా ఉంటే నోటి చివరి దాకా వెళ్తుంది. గట్టి కుచ్చు బాగా శుభ్రం చేస్తుందనుకుంటారు కానీ అది చిగురు అంచు కిందికి దూరలేదు, పైగా చిగురును గీరుతుంది. మూడు నాలుగు నెలలకు ఒకసారి మార్చండి. అంతకు ముందే కుచ్చు పక్కలకు విచ్చుకుంటే అప్పుడే మార్చాలి. కొన్ని వారాలకే విచ్చుకుంటోందంటే లోపం బ్రష్‌ది కాదు, మీరు మరీ నొక్కి తోముతున్నారు.

ఎలక్ట్రిక్ బ్రష్ తప్పనిసరి ఏమీ కాదు. చేతులు వణికేవాళ్ళకు, కీళ్ళ నొప్పులున్నవాళ్ళకు, ఎంత చెప్పినా గట్టిగా రుద్దేవాళ్ళకు మాత్రం అది నిజంగా ఉపయోగం. దాన్ని చిగురు అంచున ఆనించి ఒక్కో పన్ను దగ్గర రెండు మూడు సెకన్లు ఆగి ముందుకు జరపాలి. మామూలు బ్రష్‌లాగా రుద్దకూడదు.

పేస్టులో చూడాల్సింది ఒక్కటే, ఫ్లోరైడ్. ట్యూబు మీద పీపీఎం అని ఒక సంఖ్య ఉంటుంది. పెద్దలకు 1000 కన్నా తక్కువ వద్దు, 1350 నుంచి 1500 మధ్య ఉంటే మంచిది. తెల్లగా చేస్తామనే గరుకు పొడులు, బొగ్గు పేస్టులు ఎనామెల్‌ను అరగదీస్తాయి. చాలా వాటిలో ఫ్లోరైడ్ కూడా ఉండదు. రోజూ వాడడానికి అవి పనికిరావు.

తోమే పద్ధతి

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు. నోటిని నాలుగు భాగాలు అనుకుంటే భాగానికి 30 సెకన్లు. కొత్తగా ఈ పద్ధతి నేర్చుకునేటప్పుడు నాలుగు నిమిషాలు పట్టినా కంగారు లేదు.

1. కుచ్చు మీద ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల పేస్టు పెట్టుకోండి. అంతకన్నా ఎక్కువైతే నురగ నిండిపోయి త్వరగా ఉమ్మేయాలనిపిస్తుంది.

2. బ్రష్‌ను పిడికిలితో బిగించి పట్టుకోకండి, పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి. ఈ ఒక్క మార్పుతోనే నొక్కుడు తగ్గుతుంది.

3. కుచ్చు సగం పన్ను మీద, సగం చిగురు మీద ఉండేలా 45 డిగ్రీల వాలుగా ఆనించండి. పై పళ్ళకు కుచ్చు పైకి, కింది పళ్ళకు కిందికి, అంటే ఎప్పుడూ చిగురు వైపే చూడాలి.

4. ఉన్న చోటే చాలా చిన్నగా, రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ముందుకూ వెనక్కూ పదిసార్లు కదిలించండి. కుచ్చు కొసలు చిగురు అంచు కిందికి దూరి పాచిని కదిలిస్తాయి. తర్వాత చిగురు నుంచి పన్ను కొస వైపు ఒకసారి దొర్లించి, పక్క రెండు పళ్ళకు జరగండి.

5. ఎప్పుడూ ఒకే వరుస పాటించండి. పై కుడి చివర నుంచి పై ఎడమ చివర దాకా బయటి వైపు, అక్కడి నుంచి వెనక్కి వస్తూ లోపలి వైపు. కింది పళ్ళకూ ఇంతే. వరుస లేకుండా తోమితే రోజూ అవే చోట్లు తప్పిపోతాయి. కోరపళ్ళ దగ్గర, చేతి పట్టు మార్చుకునేటప్పుడు బ్రష్ ఎగిరి అవతలికి దూకుతుంది, అక్కడ ఆగి చూసుకోండి.

6. ముందు పళ్ళ లోపలి వైపుకు బ్రష్‌ను నిలువుగా తిప్పి, కుచ్చు కొసతో చిగురు నుంచి పన్ను అంచు వైపు లాగండి.

7. చిట్టచివరి దవడ పన్ను వెనుక ముఖానికి చేరాలంటే నోరు బాగా తెరవకండి. సగం మూయండి. అప్పుడు బుగ్గ వదులై బ్రష్ తలకు చోటు దొరుకుతుంది. ఈ చోటును దాదాపు అందరూ వదిలేస్తారు.

8. ఆఖరున నమిలే భాగాల మీద మాత్రం అడ్డంగా, పొట్టిగా రుద్దవచ్చు. గాడుల్లో ఇరుక్కున్నది అలాగే వస్తుంది.

9. నురగ ఉమ్మేయండి. నీళ్ళు పుక్కిలించకండి.

చివరి మాట చాలామందికి వింతగా ఉంటుంది. పేస్టులోని ఫ్లోరైడ్ పళ్ళ మీద కాసేపు నిలిస్తేనే పని చేస్తుంది. వెంటనే నోటినిండా నీళ్ళు పోసి పుక్కిలిస్తే కష్టపడి పెట్టినదంతా కడిగేసినట్టే. పెదాలు తుడుచుకుని వదిలేయండి. రుచి ఇబ్బందిగా ఉంటే మళ్ళీ మళ్ళీ ఉమ్మండి. నాలుగైదు రోజుల్లో అలవాటవుతుంది. తర్వాత అరగంట దాకా ఏమీ తినకుండా, తాగకుండా ఉంటే ఇంకా మేలు.

అడ్డంగా, బలంగా రంపం కోసినట్టు రుద్దేవాళ్ళకు కొన్నేళ్ళలో చిగురు వెనక్కి జారి పన్ను మెడ దగ్గర నొక్కు పడుతుంది. అక్కడ ఎనామెల్ ఉండదు కాబట్టి చల్లనివి తగిలితే జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడానికి పొటాషియం నైట్రేట్ లాంటివి ఉన్న సెన్సిటివిటీ పేస్టులు కొంత ఉపశమనం ఇస్తాయి. కానీ తోమే తీరు మారకుండా ఏ పేస్టు వాడినా నొక్కు పెరుగుతూనే ఉంటుంది.

తోమేటప్పుడు రక్తం వస్తే భయపడి ఆ చోటును వదిలేయకండి. రక్తం వస్తోందంటే చాలావరకు అక్కడ పాచి ఉందని అర్థం. మెత్తగా, తప్పకుండా అక్కడే తోమండి. వారం, పది రోజుల్లో తగ్గాలి. రెండు వారాలైనా తగ్గకపోతే లోపల గార ఉండి ఉండవచ్చు, డాక్టరుకు చూపించాలి.

పళ్ళ సందులు

బ్రష్ ఎంత బాగా వాడినా పన్నుకూ పన్నుకూ ఆనుకునే పక్క ముఖాలు దానికి అందవు. కాబట్టి రోజుకు ఒకసారైనా, వీలైతే రాత్రి తోమే ముందు, సందులు శుభ్రం చేయాలి. ముందే చేస్తే ఆ తర్వాత పేస్టులోని ఫ్లోరైడ్ అక్కడికి చేరే వీలుంటుంది.

పళ్ళు బిగుతుగా ఆనుకుని ఉన్న చోట ఫ్లాస్ దారం వాడండి. సుమారు 45 సెంటీమీటర్లు తెంపి, రెండు చేతుల మధ్యవేళ్ళకు చుట్టి, బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం బిగువుగా పట్టుకోండి. సందులోకి అటూ ఇటూ కదుపుతూ మెల్లగా దింపాలి. ఒక్కసారిగా నొక్కితే టక్కున దిగి చిగురు కోసుకుంటుంది. దిగాక దారాన్ని ఒక పన్నును చుట్టుకునేలా వంచి, చిగురు అంచు కింద కొద్దిగా దాకా తీసుకెళ్ళి, ఐదారుసార్లు పైకీ కిందికీ లాగండి. తర్వాత అదే సందులో రెండో పన్నుకు ఆనించి అలాగే చేయండి. చాలామంది దారాన్ని దింపి వెంటనే పైకి లాగేస్తారు. దానితో ఇరుక్కున్న తిండి వస్తుందే కానీ పాచి రాదు. ప్రతి సందుకూ కొత్త దారం వచ్చేలా వేళ్ళకు చుట్టుకుంటూ పోండి. ఒకే చోట దారం ప్రతిసారీ పీచులుగా చిరుగుతోందంటే అక్కడ ఫిల్లింగ్ అంచు లేచి ఉండవచ్చు, లేదా గారో పుచ్చో ఉండవచ్చు.

సందు కాస్త కనిపించే చోట, చిగురు జారిన చోట, పోయిన పన్ను చోట పక్క పళ్ళకు ఆనించి కట్టే బ్రిడ్జి కింద, క్లిప్పుల తీగల కింద దారం కన్నా సందుల్లో దూర్చే చిన్న బ్రష్ బాగా పనిచేస్తుంది. కుచ్చు రెండు పక్కలా తగలాలి, మధ్య తీగ మాత్రం పన్నుకు తగలకూడదు. అదే సరైన సైజు. ఒకే నోటిలో రెండు మూడు సైజులు కావలసి రావచ్చు. దూరకపోతే బలవంతం చేయకుండా చిన్నది తీసుకోండి. లోపలికీ బయటికీ మూడు నాలుగుసార్లు కదిపితే చాలు. పిన్నులు, గుచ్చే పుల్లలు మాత్రం వద్దు, అవి చిగురును గాయపరుస్తాయి. నీటిని చిమ్మే పరికరం తిండి ముక్కలను బయటికి తెస్తుంది, క్లిప్పులున్నవాళ్ళకు తోడుగా మంచిదే, కానీ రాపిడి చేసే పనిని అది పూర్తిగా చేయలేదు.

నాలుకను వెనుక నుంచి ముందుకు మూడు నాలుగుసార్లు తేలిగ్గా గీస్తే చాలు. నోటి వాసన తగ్గడానికి ఇది బాగా పనికొస్తుంది.

రాత్రి తోమడం ఎందుకు వదలకూడదు

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలు ఆమ్లాన్ని పలుచన చేసి కడిగేసేది అదే. రాత్రి తీపి తిని అలాగే పడుకుంటే పళ్ళకు ఆ రక్షణ ఉండదు. రెండుసార్లు కుదరని రోజున ఒక్కసారే తోమాల్సి వస్తే రాత్రి తోమడాన్నే ఎంచుకోండి. తోమాక మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు.

మౌత్‌వాష్ బ్రష్‌కు బదులు కాదు. తోమిన వెంటనే వాడితే పేస్టులో ఉన్నంత ఫ్లోరైడ్ మామూలు మౌత్‌వాష్‌లో ఉండదు కాబట్టి నష్టమే. భోజనం తర్వాత, మరో వేళలో వాడుకోవచ్చు. బాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడిన్ అనే మందు ఉన్నవి డాక్టరు చెప్పిన కొద్ది రోజులకే. ఎక్కువ కాలం వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తెలియడం తగ్గుతుంది. పేస్టులోని నురగ పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది, అందుకే తోమడానికీ దానికీ మధ్య కనీసం అరగంట ఎడం ఉంచాలి.

తీపి, పులుపు

ఎంత తీపి తిన్నారు అన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారు అన్నది పళ్ళకు ఎక్కువ చేటు చేస్తుంది. ఒక తీపి పానీయాన్ని భోజనంతో పాటు ఒకేసారి తాగేస్తే ఒక్క ఆమ్లపు దాడి. అదే గ్లాసును గుక్క గుక్కగా రెండు గంటలు తాగితే ఆ రెండు గంటలూ పీహెచ్ పైకి లేవనే లేవదు. కాబట్టి తీపిని భోజన వేళలకు పరిమితం చేయండి. మధ్యలో దాహానికి మంచినీళ్ళు తాగండి. పంటికి అంటుకుని ఉండే బిస్కెట్లు, బుగ్గన పెట్టుకుని చప్పరించే బిళ్ళలు, చక్కెర పాకంతో చేసిన సిరప్పు మందులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. విడిగా కలిపే చక్కెర రోజువారీ శక్తిలో 10 శాతం మించకూడదనీ, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆ 5 శాతం పెద్దవాళ్ళకు సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. భోజనం తర్వాత తోమే వీలు లేకపోతే చక్కెర లేని చూయింగ్ గమ్ 20 నిమిషాలు నమలండి, లాలాజలం ఊరి పీహెచ్ త్వరగా కోలుకుంటుంది.

పుల్లటి పండ్ల రసం, గ్యాసు పానీయాలు తాగిన వెంటనే, వాంతి అయిన వెంటనే తోముకోకండి. ఆమ్లం తగిలి ఎనామెల్ పైపొర కాసేపు మెత్తబడి ఉంటుంది, అప్పుడు రుద్దితే అది అరిగిపోతుంది. నీళ్ళతో పుక్కిలించి అరగంట నుంచి గంట ఆగండి. వాంతి తర్వాత గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలిస్తే ఆమ్లం త్వరగా విరుగుతుంది.

పిల్లలకు

మొదటి పన్ను చిగురులోంచి కనిపించిన రోజు నుంచే తోమాలి. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత. మింగితే మంచిది కాదు కాబట్టి కొలత మీరే పెట్టండి, ట్యూబు పిల్లల చేతికి ఇవ్వకండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలు సొంతంగా సరిగ్గా తోముకోలేరు. వాళ్ళ వెనుక నిలబడి, తలను మీ ఒంటికి ఆనించుకుని, పెదవిని వేలితో పైకెత్తి మీరే తోమండి. పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు పై ముందు పళ్ళను తొందరగా పాడుచేస్తుంది.

ఆరేళ్ళ వయసులో ఒక్క విషయం కనిపెట్టి ఉండండి. పాలపళ్ళన్నిటి వెనుక, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడ పళ్ళు వస్తాయి. ఊడిపోయే పాలపళ్ళే కదా అని పెద్దవాళ్ళు వాటిని పట్టించుకోరు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్ళు. పక్క పళ్ళ కన్నా పొట్టిగా ఉన్నంత కాలం బ్రష్ వాటి మీదుగా దాటిపోతుంది, గాడులు లోతుగా ఉంటాయి. బ్రష్‌ను బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి ఆ ఒక్క పన్నునే విడిగా తోమాలి. గాడులను మూసే సీలెంట్ పూత వేయించడానికి ఇదే సరైన సమయం. నొప్పి ఉండదు, డ్రిల్లింగ్ అక్కర్లేదు.

కొందరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి

షుగర్ వ్యాధి ఉన్నవాళ్ళలో చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, ముదిరిన చిగుళ్ళ జబ్బు తిరిగి షుగర్ అదుపును దెబ్బతీస్తుంది. గర్భవతులకు హార్మోన్ల వల్ల కొద్ది పాచికే చిగుళ్ళు వాస్తాయి, ఆ సమయంలో పళ్ళ శుభ్రత, పరీక్ష వాయిదా వేయాల్సిన పని లేదు. నోరు ఎండిపోయేలా చేసే మందులు చాలా ఉన్నాయి. అలాంటివి వాడేవాళ్ళు తరచూ నీళ్ళు తాగుతూ, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు గురించి డాక్టరును అడగాలి. పొగతాగేవాళ్ళ విషయం మరీ మోసపూరితం. పొగ వల్ల చిగుళ్ళలో రక్తస్రావం తగ్గి, లోపల ఎముక కరుగుతున్నా పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రక్తం రావడం లేదు కదా అని ఊరుకోకండి.

తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళను రాత్రి తీసేయాలి. మెత్తటి బ్రష్, మామూలు సబ్బుతో కడిగి చల్లటి నీళ్ళలో ఉంచండి. పేస్టు వాటిని గీరుతుంది, వేడినీళ్ళు ఆకారం మారుస్తాయి.

డాక్టరు దగ్గరికి

ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి నొప్పి లేకున్నా చూపించుకోండి. సందుల్లో మొదలైన పుచ్చు కంటికి కనిపించదు, ఎక్స్‌రేలో కనిపిస్తుంది. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం చాలామందిలో ఉంది, అందులో నిజం లేదు. వాపు తగ్గి, గార నిండి ఉన్న ఖాళీలు బయటపడడం వల్ల కొన్నాళ్ళు అలా అనిపిస్తుంది. నిజానికి పళ్ళను వదులు చేసేది ఆ గారను వదిలేయడమే.

చల్లనివి తగిలాక జివ్వుమనడం నిమిషం దాటినా ఆగకపోయినా, రాత్రి నిద్రలో నొప్పితో మెలకువ వచ్చినా, పన్ను కదులుతున్నా, చిగురు మీద చీము పొక్కు కనిపించినా ఆ వారంలోనే వెళ్ళండి. నోట్లో పుండు గానీ, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ గానీ రెండు వారాలకు మానకపోతే తప్పకుండా పరీక్ష చేయించాలి. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా రేపటి దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.